వంటపెట్టె

ధనలక్ష్మి కుడిచేతికి కట్టు పడిన సాయంత్రం, మర్నాడు వంట ఎవరిదని ఆ ఇంట్లో ఎవరూ అడగలేదు. అడగాల్సిన పని లేకపోయింది. బోరింగు దగ్గర నాచు మీద కాలు జారి పడినప్పుడు ఆమె చేతిలో బియ్యం గిన్నె ఉంది. బియ్యం బురదలో పడ్డాయి. ఆసుపత్రి నుంచి ఆటో దిగేసరికి కూతురు శ్రావణి ఆ బియ్యం ఎత్తి, నాలుగు నీళ్ళు మార్చి కడిగి, పొయ్యి మీద పెట్టి ఉంది.

ఆసుపత్రికి తీసుకెళ్ళింది భర్త గంగులే. ఆటో పిలిచాడు, డాక్టరు గది ముందు నిలబడ్డాడు, ఎముక అతికేదాకా కట్టు తడవకూడదని కాంపౌండరు చెప్పింది రెండుసార్లు చెప్పించుకున్నాడు. సాలూరు నుంచి రాయపూరు లైన్లో లారీ తోలే మనిషి. ఇంజను పనికి బండి షెడ్డుకి ఎక్కించారు కాబట్టి వారం నుంచి ఇంటిపట్టున ఉన్నాడు. భార్యని మంచం మీద కూర్చోబెట్టి, తలగడ చేతి కింద సర్ది, కాళ్ళు కడుక్కుని పళ్ళెం ముందు కూర్చున్నాడు.

"ఏటిది?" అన్నాడు.

"ఉలవచారు నాన్నా. నెత్తళ్ళు ఏపినాను."

"నిన్నా సారే, ఇయాళా సారేనా? నెలలో మూడొంతులు ఒటేలు కూడు తిని నోరు సచ్చిపోతాది. ఇంటికాడున్న నాలుగు రోజులైనా ఓ ఆవపెట్టిన కూరో, మెంతి పులుసో సెయ్యరా?"

శ్రావణి తల్లి వైపు చూసింది. గడప దగ్గర కూర్చున్న కూర్మమ్మ కొడుక్కి సర్దిచెప్పింది. "పిల్లది కదురా. నేర్సుకుంటాది. రేపు అత్తోరింటికెల్తే ఒండొద్దేటి?"

ఒటేలు కూడు. ఈ మాట మీదే ఆ ఇంటి వంట ఇన్నాళ్ళూ నడిచింది. లారీ సుంకి ఘాటీ దిగిందని ఫోను రాగానే ధనలక్ష్మి ఆవాలు నానబెట్టేది. తనూ కూతురూ అత్తా తినే చోడి అంబలి, గోంగూర పులుసు పక్కకి పోయేవి. రోడ్డు పక్క నూనె తాగి బతికే మనిషి, ఇంటి కూడు ఒక్కటే కదా అతను కోరేది అనుకునేది. అందులో తప్పు పట్టడానికి ఏమీ కనిపించేది కాదు.

సోమవారం శ్రావణి తెల్లారి లేచి అంబలి కాచింది, గిన్నెలు తోమింది, నాయనమ్మకి నీళ్ళు పెట్టింది, తల్లికి జడ వేసి చీర కుచ్చిళ్ళు దోపింది. అన్నం, వంకాయ కూర చేసి తండ్రికి వడ్డించి కాలేజీకి పరిగెత్తింది. ఇంటరు రెండో సంవత్సరం. బుధవారం కెమిస్ట్రీ ప్రాక్టికలు. దానికి ముందు అలవాటు కోసం పెట్టే ప్రాక్టికలు ఆ సోమవారమే. సాయంత్రం వచ్చి సంచి గోడకి ఆనించి, పొయ్యి ముందుకి వెళ్ళిపోయింది.

"ఎలగయింది?" ధనలక్ష్మి అడిగింది.

"నేనెల్లేసరికి అయిపోనాది. ల్యాబు తాళం ఏసీసారు."

"మేడమ్ని అడక్కపోయావా?"

"అడిగినాను. ఇంటికాడ పనుందంటే, పరీక్ష కంటే ముఖ్యమైన పనేటమ్మా అన్నారు." శ్రావణి ఉల్లిపాయ పొట్టు తీస్తూ ఉంది. "అందరూ బ్యూరెట్టు పట్టుకుని చేసీసినారు. నేను బొమ్మ చూడ్డమే."

గంగులు అప్పుడే షెడ్డు నుంచి వచ్చాడు. చేతులకి గ్రీజు ఉంది. కూతురు పోసిన నీళ్ళతో కడుక్కుంటూ చెప్పాడు. "బుధవారం బండి బయటికొస్తాది. మెకానిక్కు జగన్నాధాన్నీ, ఇద్దరు పనోళ్ళనీ, శివాజీనీ మద్దేనం కూడికి పిలిసినాను."

సాలూరు డ్రైవర్లలో ఆ పద్ధతి ఉంది. పెద్ద పని జరిగి లారీ షెడ్డు దాటిన రోజు, పనిచేసినవాళ్ళు డ్రైవరింట్లో తిని చేయి కడగాలి. ఒటేలు నుంచి తెచ్చి పెట్టకూడదు. ఆ ఇంట్లో వండిందే పెట్టాలి. లేకపోతే బండి ఘాటీలో మొరాయిస్తుందని అంటారు. నమ్మినవాళ్ళూ చేస్తారు, నమ్మనివాళ్ళూ చేస్తారు.

"బుధవారం నాకు ప్రాక్టికల్సు నాన్నా," అంది శ్రావణి.

"పేపరు రాసే పరీచ్చా?"

"కాదు. ల్యాబులో చేసేది."

"మరింకేటి? రాసీ పరీచ్చయితే నానే ఒద్దందును. ఆ సీసాలు ఇంకో రోజు కలుపుకోవచ్చు. నానొచ్చి టీచరమ్మతో సెప్తాన్లే."

"ఇంకో రోజు పెట్టరు నాన్నా. పోతే పోయినట్టే."

"పెద్ద ఒంటలేటీ ఒద్దమ్మా. పప్పుచారు, వంకాయి ఎండుసేప, గుడ్ల పులుసు. సులువైనవే. ఎవులైనా సేసీవచ్చు."

చేతులు తుడుచుకుని తువ్వాలు కూతురికే ఇచ్చాడు. ధనలక్ష్మికి ఆ రాత్రి చెయ్యి సలిపింది. పొద్దున్న కూతురు లేవకముందే తనే లేచింది.

ఎడమచేత్తో అన్నం వండవచ్చు. గంజి వార్చడమే రాదు. మూత మీద గుడ్డ వేసి, గిన్నెని మోచేతికీ గట్టుకీ మధ్య నొక్కి వంచింది. మూత జారింది. గంజి పాదం మీద పడింది. అరవకుండా పాదం బకెట్లో పెట్టింది. అన్నం ముద్దయింది. కూరలో ఉప్పు వేశానో లేదో గుర్తు రాలేదు. రెండోసారి వేస్తే ఎక్కువవుతుందని వేయలేదు.

గంగులు ఒక ముద్ద తిన్నాడు. పళ్ళెం ముందుకి తోశాడు. "ఉప్పే నేదు. ఎవుడు సెయ్యమన్నాడు నిన్ను? గుంట నేదేటి ఇంట్లో?"

"దానికి సదువుకోడానికి ఈ రోజొక్కటే ఉన్నాది."

"అయితే నన్ను పస్తుండమంటావు." చొక్కా వేసుకుని షెడ్డుకి వెళ్ళిపోయాడు. కూర్మమ్మ కోడలి పాదం వైపు చూసింది, పళ్ళెం వైపు చూసింది. "మగోడు కూడు మీద నుంచి లెగిసి ఎల్లిపోడం మంచిది కాదే," అంది.

ధనలక్ష్మికీ అదే అనిపించింది. ఎండ ముదిరేదాకా ఆగి, మిగిలిన అన్నాన్ని కేరేజీలో సర్దింది. ఎక్కువవుతుందేమోనని కూరలో చిటికెడు ఉప్పే వేసి కలిపింది. శ్రావణి నేను పట్టుకెళ్తాను అంటే కసిరింది. "నువ్వు పుస్తకం ఒగ్గకు." బొబ్బెక్కిన పాదానికి చెప్పు పట్టలేదు. ఆ చెప్పు వేలికి తగిలించుకుని, ఎడమచేత్తో కేరేజీ పట్టుకుని, బైపాసు దాకా నడిచింది.

షెడ్డులో లారీ కింద నుంచి ఎవరివో రెండు కాళ్ళు బయటికి ఉన్నాయి. రేడియేటరు మీద నీళ్ళు పోస్తున్న పనివాడు ఆమెని చూసి "ఎనక్కెల్లమ్మా, ఆళ్ళందరూ ఆ పక్కనున్నారు" అన్నాడు. వెళ్తుంటే వెల్లుల్లి వేగుతున్న వాసన వచ్చింది. పక్కన ఏదో టీకొట్టు ఉందనుకుంది.

లారీ వెనకచక్రం పక్కన, గాలి తగలకుండా కట్టిన టార్పాలిను చాటున, ఒక మనిషి గొంతుక్కూర్చుని ఉన్నాడు. లుంగీ ఎగ్గట్టి, తలకి తువ్వాలు చుట్టాడు. ముందు చిన్న సిలిండరు, దాని నెత్తిమీదే బర్నరు. పక్కన మూత తెరిచిన చెక్కపెట్టె. పెట్టెలో అరలు, అరల్లో డబ్బాలు. దించిన కుక్కరులో అడుగున అన్నం, అన్నంలో గుడ్లు, పైగిన్నెలో పప్పు, టమాటాలు. బియ్యం కడిగిన నీళ్ళు పారబోయలేదు. వాటిలోనే చింతపండు నానుతోంది. ఆ మనిషి పీట లేకుండా ఉల్లిపాయని అరచేతిలో పెట్టుకుని గళ్ళుగా కోస్తున్నాడు. ముక్కలు గిన్నెలోకి రాలుతున్నాయి. అతను చేతి వైపు చూడటం లేదు. జగన్నాధం చెప్పే కబురేదో వింటూ నవ్వుతున్నాడు.

తువ్వాలు తనదేనని ధనలక్ష్మి గుర్తుపట్టింది. తర్వాత మనిషిని గుర్తుపట్టింది.

ముందు చూసింది శివాజీ. గంగులుతో పాటు బండి తోలే రెండో డ్రైవరు. చాలా ఏళ్ళుగా ఆ ఇంటికి వస్తూ పోతూ, ఆమెని అక్క వరసలో అప్పా అని పిలిచేవాడు. "ఓలప్పా! నువ్వొచ్చినావేటి ఎండన? రా, కూకో. సరిగ్గా ఏలకొచ్చినావు."

"ఏటి సేస్తన్నారు?" అంది ఆమె. అడిగింది శివాజీని.

"ఏటీ నేదప్పా, పప్పుచారు. బావ సేతి పప్పుచారంటే రాయపూరు లైన్లో మనోళ్ళు బళ్ళాపుకుని మరీ వస్తారు. ఇంకా గుడ్ల పులుసు సూడాల."

"రోజూ ఈయనే ఒండుతారా?"

"మరెవులొండుతారు? నాను ఒండితే కుక్క తినదు. ఒటేలా? బావ ఒటేలు గడప తొక్కడు. ఆ సోడా కూడు తింటే రేత్రి స్టీరింగు తిరగదంటాడు. కదా బావా?"

గంగులు తల తిప్పాడు. అతని చేతిలో తాలింపు గరిటె ఉంది, గరిటెలో నూనె కాగుతోంది, ఆవాలు అప్పుడే చిటపటమంటున్నాయి. ఒక్క క్షణం భార్యని చూశాడు. మళ్ళీ గరిటె వైపు తిరిగాడు. వెల్లుల్లి మాడకముందే పప్పులో గుమ్మరించి మూత పెట్టాడు. అప్పుడు లేచాడు.

"ఎందుకొచ్చినావు? పాదానికేటయినాది?"

ధనలక్ష్మి గరిటెనే చూస్తోంది. ఇనప గరిటె. పిడి ఊడితే తమ్ముడు ఇత్తడి మేకు కొట్టి ఇచ్చాడు. అది కనబడటం లేదని దసరాకి ఇల్లంతా వెతికింది. గిన్నెలు తోమి ఎక్కడ పారేశావే అని శ్రావణిని తిట్టింది. ఆ పిల్ల ఏడ్చింది కూడా.

"తినకుండా వచ్చీసినావని కూడు తెచ్చినాను," అంది.

జగన్నాధం పెద్దగా నవ్వాడు. "గంగులు పస్తుండడమేటమ్మా! ఈడు పస్తుంటే సాలూర్లో ఏ డ్రైవరూ తిన్నట్టు కాదు."

గంగులు కేరేజీ కోసం చెయ్యి చాపాడు. ఆమె ఇవ్వలేదు. వచ్చిన దారినే నడిచింది. శివాజీ "అప్పా, తినెల్లు" అంటూ కొంతదూరం వచ్చి, గంగులు పిలిస్తే ఆగిపోయాడు.

బస్సు షెల్టరు దగ్గర కూర్చుంది. పొద్దున్నుంచి ఆమె కూడా తినలేదు. ఆ సంగతి అప్పుడు గుర్తొచ్చింది. మోకాళ్ళ మధ్య కేరేజీ పెట్టుకుని మూత తీసింది. కుడిచెయ్యి కట్టులో ఉంది. ఎదర రోడ్డు మీద జనం వెళ్తున్నారు. ఎడమచేత్తో కలుపుకుని తింది. ఒకామె చూసి ముఖం తిప్పుకుంది. కూరలో ఇంకా ఉప్పు చాలలేదు. అతను చెప్పింది నిజమే. ఆ నిజానికే ఆమెకి కోపం నరనరానా ఎక్కింది. ఉప్పు లేదని చెప్పగలిగినవాడికి ఉప్పు ఎప్పుడు వెయ్యాలో తెలుసు. ఎంత వెయ్యాలో తెలుసు. తనకి చికెన్‌గున్యా వచ్చిన ఏడాదీ తెలుసు. శ్రావణి కడుపులో ఉన్నప్పుడూ తెలుసు.

అతను ఇంటికి వచ్చేసరికి దీపాలు పెట్టే వేళయింది. శ్రావణి తలుపు దగ్గర రికార్డు పుస్తకం పట్టుకుని కూర్చుంది. ధనలక్ష్మి మంచం దిగలేదు.

"ఎప్పట్నుంచి?" అంది.

"ఏటి?"

"ఒండడం."

"ఒండడమేటే. రోడ్డుమీద ఏదో ఇంత ఉడకేసుకుంటాం. దాన్ని ఒంటంటారేటి?"

"అదే పప్పు నాను ఇంటికాడ ఉడకేస్తే దాన్నేటంటారు?"

గంగులు చొక్కా విప్పి మేకుకి తగిలించాడు. చాలాసేపు తగిలించాడు.

"ఒటేలు కూడన్నావు. ఒటేలు కూడు తిని నోరు సచ్చిపోనాదన్నావు."

"అనీవోణ్ణి. అంటే ఏటయిపోనాది? నీ సేతి కూడు రుసని సెప్పినట్టే కదా."

"సికెన్‌గున్యా వచ్చినప్పుడు పీట మీద కూకుని ఒండినాను. గోడ పట్టుకుని లెగిసినాను. నువ్వీ మంచం మీదే ఉన్నావు. పులుసు పలసనైపోనాదన్నావు."

"ఒండమని నువ్వు అడగనేదు కదా."

"అడగాలంటే తెలియాల కదా." ఆమె గొంతు పెరగలేదు. "అది తెలీకుండానే కదా ఒటేలన్నావు."

కూర్మమ్మ గడప దగ్గర్నుంచి కదిలింది. "ఓలమ్మో! ఇరుగూపొరుగూ ఇంటారే. మగోడు పొయ్యికాడ కూకుంటే ఇంటికి అరిష్టం."

"లారీకి కాదేటత్తా?"

కూర్మమ్మ కొడుకు వైపు తిరిగింది.

"రేపు నువ్వే ఒండు," అంది ధనలక్ష్మి. "సులువైనవే అన్నావు. ఎవులైనా సేసీవచ్చన్నావు. ఆ ఎవులైనాలో నువ్వు నేవేటి?"

గంగులు ముందు నవ్వాడు. నవ్వులో ఎవరూ కలవలేదని చూసుకుని ఆపాడు. "నలుగురు మగోళ్ళొస్తారు. ఆళ్ళ ముందు నన్ను పొయ్యికాడ కూకోమంటావా?"

"ఆళ్ళే కదా ఇయాళ నీ పప్పుచారు తిన్నారు."

"అది షెడ్డు. ఇది ఇల్లు."

"షెడ్డులో ఒండితే పోని మగతనం ఇంట్లో ఒండితే పోతాదేటి?"

"ఒసే, నోరు లెగుస్తన్నాది!" చెయ్యి గోడ మీద చరిచాడు. క్యాలెండరు ఊగింది. "పిల్ల ఒండుతాది. మాటయిపోనాది." బయటికి వెళ్ళి అరుగు మీద కూర్చున్నాడు. శ్రావణి చేతిలో పుస్తకం తెరిచిన పేజీ దగ్గరే ఉంది.

బుధవారం పొద్దున్న శివాజీ మోటారుసైకిలు మీద వంకాయలు, ఎండుచేపలు, గుడ్లు తెచ్చాడు. శ్రావణి అప్పటికే పీట వేసుకుని ఉల్లిపాయలు కోస్తోంది. యూనిఫారం వేసుకుంది. దాని మీద తల్లి పాతచీర చుట్టుకుంది. ఆ చీర కట్టులోనే ఉంది ఆశంతా. ఏమో, బేగి అయిపోతే వెళ్ళొచ్చేమో.

ధనలక్ష్మి శివాజీని వాకిట్లోనే ఆపింది. "పెట్టి పట్టుకురా."

"ఏ పెట్టప్పా?"

"మీ బావ పెట్టి. సిలిండరూ కుక్కరూ అన్నీ."

"బావ సెప్పినాడా?"

"నాను సెప్తన్నాను."

శివాజీ ఆమె ముఖం చూశాడు, చేతి కట్టు చూశాడు, పాదం మీద బొబ్బ చూశాడు. బండి తిప్పాడు.

ఆమె లోపలికి వెళ్ళి కూతురు చేతిలోంచి కత్తిపీట లాగేసింది. "లెగు."

"అమ్మా, వంకాయిలు కోసిచ్చీసి ఎల్తాను. టైముంది."

"లెగమన్నాను."

రాత్రి అన్నంలో గంజి పోసి ఉంచింది ఉంది. ఎడమచేత్తోనే ఉప్పు వేసి, నంజుకోడానికి ఉల్లిపాయ పెట్టి ఇచ్చింది. శ్రావణి నిలబడే తాగింది. హాల్‌టికెట్టు, తెల్లకోటు, రికార్డు సంచిలో ఉన్నాయో లేదో ధనలక్ష్మి చేయి పెట్టి తడిమి చూసింది. "నాన్న?" అంది శ్రావణి.

"మీ నాన్న ఒండుతాడు. నువ్వెల్లు. ఎనక్కి సూడకు."

గంగులు షెడ్డు దగ్గర బండికి కొబ్బరికాయ కొట్టించి వచ్చేసరికి వాకిట్లో చెక్కపెట్టె ఉంది. ఇంట్లో గ్యాసుపొయ్యి చల్లగా ఉంది. ఉల్లిపాయలు సగం కోసి ఉన్నాయి. ధనలక్ష్మి గడప మీద కూర్చుని ఉంది. నుదుట బొట్టుతో, చేతిలో కొబ్బరి చిప్పతో అతను అన్నిటినీ వరసగా చూశాడు.

"గుంటేదీ?"

"పరీచ్చకెల్లింది."

"ఎవుడు పంపినాడు?"

"నాను."

కొబ్బరిచిప్ప నేలకేసి కొట్టాడు. పక్కింటివాళ్ళ తలుపు తెరుచుకుని మూసుకుంది. "పనోళ్ళొస్తన్నారే! పరువు తీస్తావేటి? ఒటేలు నుంచి తెప్పించడానికి కూడా నేదు, ఇంట్లో ఒండిందే పెట్టాల!"

"ఇంట్లోనే ఒండు మరి. నీ పెట్టి నీ ఇంట్లోనే ఉన్నాది."

"అమ్మా, నువ్వైనా సెప్పవే దీనికి!"

కూర్మమ్మకి పొద్దుటి నుంచి అంబలి లేదు. పెట్టె వైపు, కొడుకు వైపు చూసి కళ్ళు దించుకుంది.

అతను వీధి దాకా వెళ్ళాడు. తిరిగి వచ్చాడు. ఫోను తీసి ఎవరికీ చేయకుండా జేబులో పెట్టుకున్నాడు. చివరికి పెట్టెని వీధికి కనబడకుండా పెరటివైపు లాక్కెళ్ళాడు. గోడకీ నీళ్ళ డ్రమ్ముకీ మధ్య సిలిండరు నిలబెట్టాడు. గాలి ఎటు వస్తుందో వేలు తడుపుకుని చూశాడు. లుంగీ ఎగ్గట్టి గొంతుక్కూర్చున్నాడు. వంటగదిలోకి మాత్రం వెళ్ళలేదు. వంకాయలు కావలసివస్తే "ఆ గంప ఇటు తొయ్యి" అన్నాడు. ధనలక్ష్మి కాలితో తోసింది.

చేతులు మొదలయ్యాక మాటలు ఆగాయి. బియ్యం కడిగిన నీళ్ళలో చింతపండు పడింది. ఎండుచేపలు సెగ మీద కాలి, తల తెగి, వంకాయ ముక్కల్లో చేరాయి. ఒక పొయ్యి మీద ఒకదాని తర్వాత ఒకటి దిగాయి. గంటన్నరలో అంతా అయిపోయింది. అతను చెప్పింది అబద్ధం కాదు. సులువైనవే. ఆమె గడప మీద నుంచి చివరిదాకా చూసింది.

మనుషులొచ్చారు. చాపలు వేశారు. "ఒడ్డించు," అన్నాడు గంగులు తక్కువ గొంతుతో.

ధనలక్ష్మి ఎడమచెయ్యి ఎత్తి చూపించింది. "దీంతోనేటి? తింటారా?"

ఎడమచేతి వడ్డన ఎవరూ తినరు. గంగులు గిన్నె అందుకున్నాడు. వంగి వంగి అందరికీ వడ్డించాడు. జగన్నాధం పప్పుచారు కలుపుకుని, ఒక ముద్ద తిని, తలెత్తాడు. "ఒరే గంగులూ, ఇది నిన్న తిన్నదే కదరా! షెడ్డులోనూ నువ్వే, ఇంటికాడా నువ్వేనేటి?"

పనివాళ్ళు నవ్వారు. గంగులు మెడ ఎర్రబడింది. "దానికి సెయ్యి బాగోనేదని..."

కూర్మమ్మ అప్పటికి రెండోసారి వడ్డించుకుంది. ఆకలి తీరినకొద్దీ గొంతు వచ్చింది. "ఆడికి ఒంట కొత్తేటి? పదేళ్ళప్పుడు నానే నేర్పినాను. నాను ఊడుపులకెల్తే ఇంటికాడ ఆడే ఒండీవోడు. సెల్లికీ ఆడే పెట్టీవోడు. పెళ్ళయినాక నానే మాన్పించీసినాను. కోడలొచ్చినాక ఇంకెందుకు?"

చెప్పి, మజ్జిగ కోసం చెయ్యి చాపింది. తప్పు మాట్లాడిన మనిషిలా లేదు. కొడుకు గొప్ప నలుగురికీ చెప్పిన మనిషిలా ఉంది.

ధనలక్ష్మి గోడకి చేరబడి నిలబడింది. రోడ్డుకి తెలుసు. షెడ్డుకి తెలుసు. రాయపూరులో బండి ఆపుకుని వచ్చే ముక్కూమొహం తెలియనివాళ్ళకి తెలుసు. కన్నతల్లికి పదేళ్ళ వయసు నుంచీ తెలుసు. ఈ పైకప్పు కింద, ఈ పొయ్యి ముందు నిలబడ్డ మనిషికి తప్ప అందరికీ తెలుసు.

జగన్నాధం, పనివాళ్ళు వెళ్ళాక ఆమె తింది. శివాజీ కలిపి చెంచా వేసి ఇచ్చాడు. పప్పుచారులో ఉప్పు సరిపోయింది, పులుపు సరిపోయింది. బాగోలేకపోతే అంత కోపం వచ్చేది కాదు.

సాయంత్రం శ్రావణి వచ్చింది. చేతి మీద గులాబిరంగు మరక ఉంది. "నీళ్ళు ఎక్కువ పోసీసాను ముందు," అంది. "మళ్ళీ చేసినాను. రంగు వచ్చింది. రేపు ఫిజిక్సు." తర్వాత గిన్నెల్లో మిగిలింది చూసి, "ఎవరు చేసినారు?" అని అడిగింది. తినేసి, చేయి కడుక్కుని, చెప్పకపోయినా తెలిసినట్టే తండ్రి వైపు చూసింది. గంగులు ఆ చూపుకి అవతలి వైపు తిరిగి పడుకున్నాడు.

గురువారం పొద్దున్నే బండికి లోడు దొరికింది. జగదల్‌పూరు దాటి ఎక్కడికో ఇనుము. శివాజీ లారీని వీధి మలుపులో నిలబెట్టి, హారను కొట్టి, తానే దిగి వచ్చాడు. గంగులు బట్టల సంచి భుజాన వేసుకున్నాడు. ముఖంలో రెండు రోజులుగా లేని తేలిక ఉంది. రోడ్డెక్కితే అన్నీ సర్దుకుంటాయని అనుకున్నట్టున్నాడు. వెళ్తూ వెళ్తూ కూతురితో చెప్పాడు. "అమ్మకి సెయ్యి బాగయీదాకా నువ్వు సూసుకోమ్మా. నాను పదిరోజుల్లో వచ్చీస్తాను. వచ్చినాక ఆవపెట్టిన కూర తినాల."

ధనలక్ష్మి విన్నది.

శివాజీ పెరట్లోకి వెళ్ళి పెట్టె ఎత్తబోయాడు. అది అక్కడ లేదు. "అప్పా, పెట్టేదీ?"

"లోపలున్నాది."

వంటగదిలో, గ్యాసు గట్టు కింద, గోడకి ఆనించి ఉంది. రాత్రి తల్లీకూతుళ్ళిద్దరూ లాగి పెట్టారు. డబ్బాలు కడిగి బోర్లించి ఉన్నాయి. తాలింపు గరిటె పాత మేకుకి వేలాడుతోంది. శివాజీ వంగి పట్టుకోబోతే ధనలక్ష్మి దాని మీద కాలు పెట్టింది.

"ఇది ఎల్లదు. ఇక్కడే ఉంటాది."

గంగులు గుమ్మం దాకా వచ్చాడు. వంటగది లోపలికి రాలేదు. "ఏటే ఇది? మరి రోడ్డుమీద నాను ఏటి తినాల?"

"ఇరవయ్యేళ్ళు ఒటేలు కూడే తిన్నావు గదా మావా. అదే తిను."

వీధి మలుపులో లారీ ఇంజను ఆడుతోంది. శివాజీ ఇద్దరినీ చూసి బయటికి నడిచాడు. కూర్మమ్మ గడప దగ్గర నుంచి "పెట్టి ఇచ్చీయే, దారి మనిషి" అంది. ఎవరూ ఆవిడ వైపు చూడలేదు.

"తమాసాలొద్దు. ఇయ్యి." గంగులు చెయ్యి చాపాడు.

ఆమె కాలు తియ్యలేదు.

"రోడ్డుమీద ఒటేళ్ళున్నాయి," అంది ధనలక్ష్మి. "ఇంటికాడ ఒటేలు నేదు."